వాచీ రిపేరు మనంతట మనం - 4వ పాఠం: తప్పు మీట కదిపినవాళ్ల కోసం

కిందటి పాఠం చివర్లో "రెగ్యులేటర్‌ని వెంట్రుకవాసి జరపండి చాలు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. చాలామంది జరిపారు. రోజుకి 15 సెకన్లు ముందు నడిచే సీకో 5 ఆటోమేటిక్ వాచీ ఇప్పుడు రెండు నిమిషాలు ముందుకి పోతోందని ఒకరు, టైమ్‌గ్రాఫర్ (వాచీ చప్పుడు విని నడక కొలిచే యంత్రం) తెర మీద ఒక గీత బదులు రెండు గీతలు ఎడంగా కనబడుతున్నాయని ఇంకొకరు రాశారు. తప్పు నాదే. అక్కడ మీటలు రెండుంటాయని చెప్పలేదు.

వెనక మూత తీసి, కంటికి లూపు (భూతద్దం) పెట్టుకుని, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ మీదుండే సన్నటి చుట్టల స్ప్రింగ్, అంటే హెయిర్ స్ప్రింగ్, బయటి చుట్టు వెంబడే చూపు పోనివ్వండి. ముందు అది రెండు సన్నటి పిన్నుల సందులోంచి దూరుతుంది. ఆ పిన్నులున్న మీటే రెగ్యులేటర్. ఇంకాస్త ముందుకెళ్తే స్ప్రింగ్ కొస ఒక చిన్న దిమ్మెలో బిగిసి ఆగిపోతుంది. ఆ దిమ్మె స్టడ్, దాన్ని మోసేది రెండో మీట. రెగ్యులేటర్ మార్చేది రేటుని, అంటే వాచీ రోజుకి ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో దాన్ని. స్టడ్ మీట మార్చేది టిక్కుకీ టాక్కుకీ మధ్య తేడాని, అంటే బీట్ ఎర్రర్‌ని. మీ రెండు గీతలు దాని పుణ్యమే.

పిన్నులు స్టడ్ వైపు జరిగితే ఆడే స్ప్రింగ్ పొడుగవుతుంది, వాచీ నెమ్మదిస్తుంది. దూరం జరిగితే స్ప్రింగ్ పొట్టిదై వాచీ పరుగెడుతుంది. స్టడ్‌ని కదిపినా ఈ దూరమే మారుతుంది కాబట్టి రేటూ చెడింది. అందుకే ముందు స్టడ్, బీట్ ఎర్రర్ 0.5 మిల్లీసెకన్ల లోపు వచ్చాకే రెగ్యులేటర్. సున్నా కోసం పట్టుబట్టకండి, నేనైతే 0.3 దగ్గర చేతులెత్తేస్తాను. తోయడానికి టూత్‌పిక్ వాడండి. ఇనుప మొన జారిందా, హెయిర్ స్ప్రింగ్ పోయినట్టే.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. వాచీని డయల్ పైకి పెట్టి, అరనిమిషం కొలిచి, "రోజుకి +2 సెకన్లే వచ్చింది, గ్రాండ్ సీకోని (సీకో వాళ్ల ఖరీదైన రకం) మించిపోయింది" అనడం. బాబూ, అది ఒక్క పొజిషన్‌లో, అంటే వాచీని ఒక్క తీరుగా ఉంచితే, వచ్చిన అంకె! గ్రాండ్ సీకో వాళ్లు మెకానికల్ మూవ్‌మెంట్‌ని (వాచీ లోపలి యంత్రాన్ని) 17 రోజులు, 6 పొజిషన్లలో, 3 ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తారు. స్విస్ క్రోనోమీటర్ పరీక్షలో పొజిషన్లు 5, రోజులు 15. జపాన్ వాళ్లు కలిపిన ఆరోది 12 అంకె పైకి ఉండే పొజిషన్. ఇన్ని కొలిచాక సగటున రోజుకి -3 నుంచి +5 సెకన్ల లోపు ఉండాలంటారు. మీ సీకో 5 లోని 7ఎస్26 మూవ్‌మెంట్‌కి కంపెనీ ఇచ్చిన హద్దు -20 నుంచి +40. అంటే +15 అసలు జబ్బే కాదు.

పడుకోబెట్టినప్పుడు బ్యాలెన్స్ వీల్ ఇరుసు మొన మీద తిరుగుతుంది. నిలబెడితే ఇరుసు పక్కభాగం దాన్ని పట్టి ఉంచే కెంపు రాళ్లకి ఒరుసుకుంటుంది, చక్రం ఊపు తగ్గుతుంది. చక్రంలో ఎక్కడైనా పిసరంత బరువు ఎక్కువుంటే అదీ అప్పుడే బయటపడుతుంది. నా 7ఎస్26 ఒకటి డయల్ పైకి ఉంటే +4, కిరీటం (టైము సరిచేసే పక్క మర) కిందికి ఉంటే -13. పడకలో +4 చూసి మురిసిపోతే చేతికున్నంతసేపూ వెనకబడుతుంది. నేను దాన్ని పగలు పెట్టుకుని, రాత్రి డయల్ పైకి పడుకోబెడతాను. పగటి నష్టంలో కొంత రాత్రి పూడుతుంది. రెగ్యులేటర్ ముట్టి రెండేళ్లయింది.

7ఎస్26కి కిరీటంతో కీ ఇవ్వలేం. చేత్తో గుండ్రంగా తిప్పండి, ఎటు తిప్పినా ఎక్కుతుంది. 1959లో సీకో తెచ్చిన మ్యాజిక్ లివర్ చేసే పని అదే. కొలిచే ముందు టైమ్‌గ్రాఫర్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఊపు లెక్కకట్టడానికి అది అడిగే కోణం) 53 డిగ్రీలు పెట్టండి. 52 ఉన్నా రేటు మారదు, ఊపు అంకె మాత్రమే కాస్త తప్పుతుంది.

అభ్యాసం: నిండా కీ ఎక్కించి ఆరు పొజిషన్లలో (డయల్ పైకి, డయల్ కిందికి, ఆపైన నిలబెట్టి 12, 3, 6, 9 అంకెలు ఒక్కోసారి ఒక్కోటి పైకి), ఒక్కోదానికి రెండేసి నిమిషాలు కొలవండి. 24 గంటలు కదపకుండా ఉంచి మళ్లీ ఆరూ కొలవండి. పన్నెండు అంకెలూ నోటుబుక్‌లో రాయండి. ఇలా మూడుసార్లు. ముప్ఫై ఆరు అంకెలు పూర్తయ్యేదాకా ఏ మీటా ముట్టొద్దు.