దీవులకు జంటగా వెళ్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

పాస్‌పోర్ట్: చాలా దేశాలు ఇంకా 6 నెలల గడువు ఉండాలంటాయి. లేకపోతే చెక్‌-ఇన్ దగ్గరే ఆపేస్తారు. టికెట్ డబ్బూ పోతుంది, గది డబ్బూ పోతుంది. కొత్తగా పెళ్లయినవాళ్లు ఇంకోటి చూడాలి. పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు, టికెట్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే తిప్పలే. ముచ్చటపడి కొత్త పేరుతో బుక్ చేయకండి, పాస్‌పోర్ట్ మారేదాకా పాత పేరే.

దిగే టైమ్: మాల్దీవుల్లో దీవులకు తీసుకెళ్లే సీప్లేన్లు (నీటి మీద దిగే చిన్న విమానాలు) పగటి వెలుగులోనే ఎగురుతాయి. సాయంత్రం దిగితే ఆ రాత్రికి రాజధాని మాలే దగ్గర ఇంకో గది వెతుక్కోవాలి. దీవిలో డబ్బు కట్టిన గది ఖాళీగా పడి ఉంటుంది.

సీజన్: గది మరీ చవగ్గా దొరికితే సంబరపడే ముందు క్యాలెండర్ చూడండి. అట్లాంటిక్, కరేబియన్‌ వైపు జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల (పెనుతుఫాన్ల) కాలం.

స్కూబా (గాలి సిలిండర్‌తో సముద్రంలోకి డైవ్ చేయడం): చివరి రోజుకి పెట్టుకోవద్దు. రెండు మూడుసార్లు డైవ్ చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ పైకెళ్లాక బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

సన్‌స్క్రీన్: పలావు దేశంలో, హవాయిలో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్నవి అమ్మడం నిషేధం, పగడాలకు హాని అని. ట్యూబ్ వెనక ఆ చిన్న అక్షరాలు ఓసారి చదవండి.

జికా: త్వరలో పిల్లల్ని కనాలనుకుంటే ముందు డాక్టర్‌ని అడగండి. దోమకాటుతో వచ్చే ఈ వైరస్ గర్భంలోని బిడ్డకు ప్రమాదం.

పెట్టెలు: ఆవిడదొకటి, ఆయనదొకటి అని సర్దకండి. ఇద్దరి బట్టలూ రెండింట్లో కలపండి. ఒకటి రాకపోయినా ఇద్దరికీ ఓ జత మిగులుతుంది, పోట్లాటా తప్పుతుంది.