డోసింగ్ పంపు సరిగా పంపడం లేదా? హెడ్ విప్పే ముందు కాలమ్ చూడండి

యాసిడ్‌లు, హైపోక్లోరైట్ వంటి ద్రవాలను ఎక్కువ ప్రెషర్‌తో కొద్దికొద్దిగా పంపే హైడ్రాలిక్ డయాఫ్రమ్ డోసింగ్ పంపుల్లో (ఆయిల్ ఒత్తిడితో పలుచని పొర కదిలి ద్రవాన్ని నెట్టేవి) లోపం ఎక్కువగా సక్షన్ వైపే, అంటే ద్రవాన్ని లాగే వైపే దొరుకుతుంది. ద్రవం నిండే భాగమైన హెడ్‌ను విప్పడమే అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. అందుకే సక్షన్ లైనుకున్న కాలిబ్రేషన్ కాలమ్‌తో (పంపు ఎంత లాగుతోందో చూపే గీతల గొట్టం) ముందు తేల్చుకోవాలి.

సమస్య: డోసు తగ్గింది

కాలమ్ నింపి, ట్యాంకు వాల్వు మూసి, అసలు లైను ప్రెషర్ మీదే నిమిషం నడపండి. ప్రెషర్ లేకుండా చేసే పరీక్షలో లీకులు బయటపడవు. గంటకు 60 లీటర్ల పంపు 50 శాతం స్ట్రోక్‌లో (ఒక్కో కదలిక పొడవు) నిమిషానికి సుమారు 500 మి.లీ. లాగాలి.

తక్కువ లాగితే మట్టాన్ని గమనించండి. దిగిన మట్టం ప్రతి స్ట్రోక్‌కీ మళ్లీ పైకి లేస్తుంటే సక్షన్ బాల్ (ద్రవాన్ని వెనక్కి పోనివ్వని వాల్వు గోళీ) తన సీటు మీద సరిగా కూర్చోవడం లేదు, ద్రవం వెనక్కి తంతోంది. పైకి లేవకుండా కొంచెం కొంచెమే దిగుతుంటే డిశ్చార్జి (బయటికి పంపే వైపు) బాల్, హెడ్‌లో గాలి, హైడ్రాలిక్ ఆయిల్‌లో గాలి, ఈ వరుసలో చూడండి. బాల్, సీటు కలిపే మార్చండి. అరిగిన సీటు మీద కొత్త బాల్ నిలవదు. స్ట్రెయినర్ (సక్షన్ లైనులోని జల్లెడ) కడగకపోతే బాల్ కింద చెత్త మళ్లీ చేరుతుంది.

సమస్య: మట్టం అసలు దిగడం లేదు

ఎక్కువగా హెడ్‌లో గ్యాస్ పట్టి ఉంటుంది. హైపోక్లోరైట్ నిలవుంటే విడిపోతూ ఆక్సిజన్ వదులుతుంది. గాలిని బయటికి వదిలే బ్లీడ్ వాల్వును సురక్షితమైన డ్రెయిన్‌కు తెరిచి, స్ట్రోక్ 100 శాతానికి పెంచి గాలి తీయండి. తరచూ ఇలాగే అవుతుంటే పైపింగే మార్చాలి: పొట్టి సక్షన్ లైను, పంపు కన్నా ఎత్తులో ట్యాంకు, డీగ్యాసింగ్ వాల్వు.

సమస్య: డోసు ఎక్కువవుతోంది

చాలావరకు డిశ్చార్జి ప్రెషర్ కన్నా సక్షన్ ప్రెషర్ ఎక్కువై, ద్రవం పంపుతో పనిలేకుండా జారిపోతోంది. డిశ్చార్జి లైనులో ఒత్తిడి నిలిపే బ్యాక్ ప్రెషర్ వాల్వు పెట్టండి.

సమస్య: డయాఫ్రమ్ అలారం

డయాఫ్రమ్ చిరిగితే ఈ అలారం వస్తుంది. రీసెట్ కొట్టి నడపొద్దు. వెంటనే ఆపండి. జంట డయాఫ్రమ్‌ల మధ్య చేరింది ఆయిలా, యాసిడా అన్నదాన్ని బట్టి ఏది చిరిగిందో తెలుస్తుంది. తేలేదాకా ఆయిల్‌ను కూడా యాసిడ్‌గానే చూడండి.

విప్పక తప్పకపోతే కరెంటు లాకౌట్ చేసి (ఎవరూ మళ్లీ వేయకుండా స్విచ్‌కు తాళం వేసి), రెండు వైపులా వాల్వులు మూసి, ప్రెషర్ దించండి. గేజి సున్నా చూపినా రెండు బాల్స్ మధ్య ద్రవం నిలిచే ఉంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ అయితే పూర్తిగా డ్రెయిన్ చేశాకే ఫ్లషింగ్ (నీళ్లతో కడగడం): మిగిలిన యాసిడ్ మీద కాసిని నీళ్లు పడితే మరిగి చిమ్ముతుంది.