డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోకి దుమ్ము చేరకుండా చూసుకోవడం ఎలా?

కంప్యూటర్‌లో దుమ్ము పేరుకుపోయిందన్న సంగతి చాలామందికి ఫ్యాను మోత పెరిగినప్పుడో, కాస్త బరువైన పని మొదలుపెట్టగానే యంత్రం మొరాయించినప్పుడో గాని తెలియదు. ప్రాసెసర్ మీద ఉండే హీట్ సింక్ సన్నని లోహపు రేకుల వరుస. ఆ రేకుల సందులు దుమ్ముతో పూడుకుపోతే గాలి ఆడదు, వేడి బయటికి పోదు. వేడి 95 లేదా 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే ఇప్పటి ప్రాసెసర్లలో చాలా మటుకు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. దుమ్ములో ఎక్కువ భాగం ఫ్యాన్లు లాక్కునే గాలితోనే లోపలికి వస్తుంది కాబట్టి, గాలి ఏ దారిన రావాలో ముందే నిర్ణయించి ఆ దారికి వడపోత పెట్టడమే ఇక్కడ అసలు పని. తుడవడం ఆ తరువాతి సంగతి.

ముందుగా కేబినెట్‌ను, అంటే కంప్యూటర్ భాగాలన్నీ ఉండే పెట్టెను, నేల మీది నుంచి లేపండి. నడిచినప్పుడూ ఊడ్చినప్పుడూ లేచే ధూళి, వెంట్రుకలు, బట్టల నూగు నేలకు దగ్గరగానే ఎక్కువగా తిరుగుతాయి కనుక, ఒక అడుగు ఎత్తున్న చిన్న బల్ల మీద పెట్టినా ఎంతో తేడా ఉంటుంది. తివాచీ మీద పెట్టడం మరీ చెడ్డది. ఎందుకంటే చాలా కేబినెట్లలో భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై అడుగు భాగాన ఉండి కింది నుంచే గాలి పీల్చుకుంటుంది. వెనుక వైపు గోడకు పది, పదిహేను సెంటీమీటర్ల ఎడం ఉంచండి. తెరిచిన కిటికీకి ఎదురుగా గాని, వంటగదికి ఆనుకొని గాని పెట్టవద్దు. పొడి దుమ్మును బ్రష్‌తో దులిపేయవచ్చు గాని, నూనె ఆవిరో సిగరెట్ పొగో కలిసిన దుమ్ము జిడ్డుగా అంటుకుపోయి ఒక పట్టాన వదలదు.

తరువాత చూడవలసింది ఫ్యాన్ల లెక్క. సాధారణంగా ముందు వైపు ఫ్యాన్లు గాలిని లోపలికి తెస్తాయి, వెనుకవి, పైవి బయటికి పంపుతాయి. బయటికి పోయే గాలి ఎక్కువగా ఉంటే లోపల ఒత్తిడి తగ్గి, ఆ లోటు పూడ్చుకోవడానికి గాలి ప్రతి సందు నుంచీ, అంటే యూఎస్‌బీ రంధ్రాల పక్క నుంచీ, మూతల అతుకుల నుంచీ, వడపోత లేని ప్రతి చిల్లు నుంచీ, దుమ్మును వెంటబెట్టుకొని దూరుతుంది. లోపలికి వచ్చే గాలి కొంచెం ఎక్కువగా ఉంటే పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు అవే సందుల నుంచి గాలి బయటికి పోతుంది కాబట్టి దుమ్ముకు ఫిల్టరు ఉన్న దారి తప్ప వేరే దారి దొరకదు. ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వెనుక అదే కొలత గల ఫ్యాను ఒకటి ఉంటే చాలా ఇళ్లకు సరిపోతుంది. అయితే ఫిల్టరు గాలిని కొంత అడ్డుకుంటుంది కనుక ఫ్యాన్ల సంఖ్యను బట్టే ఒక నిర్ణయానికి రాకూడదు. టిష్యూ కాగితం నుంచి సన్నని పేలిక చింపి, కంప్యూటర్ నడుస్తున్నప్పుడు కేబినెట్ వెనుక ఖాళీ చిల్లుల దగ్గర పట్టుకోండి. అది బయటికి ఊగితే సరే. లోపలికి అతుక్కుంటే వెనుక ఫ్యాను వేగాన్ని బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరవగలిగే సెట్టింగుల తెరలో) తగ్గించి మళ్లీ చూడండి. ఫ్యాను ఎటు ఊదుతుందో తెలియకపోతే దాని చట్రం మీద బాణం గుర్తు ఉందేమో వెతకండి. ఆ గుర్తు లేనివాటిలో సాధారణంగా మోటారును పట్టి ఉంచే అడ్డకమ్ములు ఉన్న వైపుకే గాలి పోతుంది.

గాలి లోపలికి వచ్చే ప్రతి చోటా జాలీ ఫిల్టరు ఉండాలి. కొన్ని కేబినెట్లకు ఇవి ముందే అమర్చి ఉంటాయి. లేనివాటికి అయస్కాంతపు అంచు గలవి విడిగా దొరుకుతాయి. మరీ దట్టమైన గుడ్డ కడితే దుమ్ముతో పాటు గాలి కూడా ఆగిపోతుంది కాబట్టి ఆ ఉపాయం వద్దు. గ్రాఫిక్స్ కార్డు లాంటి అదనపు కార్డులు తీసేసిన చోట వెనుక రేకు మూతలు తిరిగి బిగించండి. ఫిల్టరును నెలకోసారి తీసి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే పెట్టండి.

ఇంత చేసినా సన్నని ధూళి కొంత లోపలికి చేరుతూనే ఉంటుంది కనుక మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి కేబినెట్ తెరవక తప్పదు. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. భాగాలను ముట్టుకునే ముందు కేబినెట్‌లో రంగు వేయని లోహపు అంచును తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు తగ్గుతుంది. ఆ తరువాత కంప్రెస్డ్ ఎయిర్ డబ్బాను నిటారుగా పట్టుకొని కొంచెం కొంచెంగా ఊదండి, ఎందుకంటే వంచితే అందులోని ద్రవం చల్లగా లోపలి సర్క్యూట్ బోర్డు మీద పడుతుంది. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవాలి. గాలి తాకిడికి అవి పరిమితికి మించి తిరిగితే బేరింగు పాడవుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డు దగ్గరికి తేవద్దు, దాని వల్ల స్థిర విద్యుత్తు పుడుతుంది. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

హీట్ సింక్ దగ్గర మాత్రం ఓపిక కావాలి. పైనుంచి చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగానే కనిపిస్తాయి గాని, క్లిప్పులు వదులు చేసి ఫ్యానును మాత్రమే పక్కకు తీస్తే, దాని వెనుక రేకుల ముఖం మీద బూడిదరంగు కంబళి ముక్కలా ఒక పొర పరుచుకొని ఉంటుంది. దాన్ని గాలితో లోపలికి నెట్టకుండా ఒక అంచు నుంచి వేలితోనో మెత్తని బ్రష్‌తోనో చుట్టలా తీసేయండి; మిగిలిన పొడికి మాత్రమే గాలి వాడండి. హీట్ సింక్‌ను కదిలించనంత వరకు కొత్త థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడి హీట్ సింక్‌కు చేరడానికి ఆ రెండింటి మధ్య పూసే పదార్థం) అవసరం లేదు. పవర్ సప్లై పెట్టెను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి, ప్లగ్ తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దాని జాలీ మీది దుమ్మును బయటి నుంచే తీసుకుంటే చాలు.

కంప్యూటర్ నడుస్తున్నప్పుడు దాని మీద గుడ్డ కప్పడం దుమ్ము కంటే పెద్ద చేటు. ఆపేసి, చల్లారిన తరువాత కప్పితే ఇబ్బంది లేదు. శుభ్రం చేసే ముందు, తరువాత ఒకే పని చేయిస్తూ ప్రాసెసర్ ఉష్ణోగ్రతను రాసి పెట్టుకోండి. తరువాతి అంకె తగ్గకపోతే ఫ్యాను ప్లగ్ సరిగా కూర్చోలేదేమో, ఫ్యాను తిరగబడి బిగిసిందేమో ముందు చూడండి.