గుమ్మడి తీగ చిగుళ్ళతో బెంగాలీ చచ్చరి ఎలా చేయాలి?

పెరట్లో గుమ్మడి పాదు ఉంటే కాయ దిగేదాకా ఆగక్కర్లేదు. బెంగాలీల ఇళ్ళలో ఆ తీగ చిగుళ్ళే ఒక కూర. గుమ్మడిని వాళ్ళు కుమ్రో అంటారు, ఆకుకూరను శాక్ అంటారు. నాలుగు రకాల కూరగాయలు, ఆవముద్ద కలిపి కుమ్రో శాక్‌తో చేసే ముద్దకూరే చచ్చరి.

చిగుళ్ళు కోయడం

తీగ బాగా పాకి పక్క కొమ్మలు వేశాక కోయండి. కొమ్మ చివరి నుంచి జానెడు పొడవు తుంచితే చాలు. అక్కడి నుంచి మళ్ళీ కొత్త కొమ్మలు వస్తాయి. పిందె పట్టిన కొమ్మల జోలికి వెళ్ళకండి. తెల్లటి బూజు పట్టిన ఆకులు, పురుగుమందు కొట్టిన పాదు ఆకులు వద్దు.

ఈనెలు తీయడం

ఈ కూర రుచంతా ఇక్కడే ఉంది. తొందరపడితే నోట్లో పీచే తగులుతుంది. కాడను చివర కొద్దిగా విరిచి కిందికి లాగితే పైపొర నారలా ఊడి వస్తుంది. చుట్టూ అలాగే తీయాలి. ఆకు తొడిమకూ ఇదే పని. ముదురు నులితీగలు పారేయండి. చేతికి గరుగ్గా తగిలే నూగు ఉడికాక తెలియదు, దాని గురించి టెన్షన్ పడకండి. కాడల్ని పారేస్తే మాత్రం సగం కూర పారేసినట్టే. కడిగి, కాడల్ని రెండంగుళాల ముక్కలుగా, ఆకుల్ని పెద్దగా తరిగి, రెండూ విడివిడిగా ఉంచండి.

కావలసినవి (నలుగురికి)

చిగుళ్ళు 300 గ్రాములు, తీపి గుమ్మడి ముక్కలు 150 గ్రాములు, బంగాళాదుంప 1, వంకాయలు 2, చిన్న ముల్లంగి 1, మినప వడియాలు 10, ఆవనూనె 3 టేబుల్ స్పూన్లు, ఎండుమిర్చి 1, పచ్చిమిర్చి 4, పసుపు అర టీస్పూను, ఆవాలు 1 టేబుల్ స్పూను, చక్కెర అర టీస్పూను, ఉప్పు.

పోపుకి పాంచ్ ఫోరన్ 1 టీస్పూను కావాలి. జీలకర్ర, సోంపు, మెంతులు, ఆవాలు, కలోంజి (నల్ల జీలకర్ర) గింజలు సమానంగా కలిపితే అదే పాంచ్ ఫోరన్. మెంతుల చేదు పడనివాళ్ళు వాటిని కాస్త తగ్గించుకోవచ్చు. బెంగాలీలు వేసే బోరీలు కూడా పప్పు రుబ్బి ఎండబెట్టినవే. బూడిద గుమ్మడి కలిపి పెట్టేవీ ఉన్నాయి కాబట్టి మన గుమ్మడి వడియాలు ఇందులో చక్కగా సరిపోతాయి. వాటిలో ఉప్పు ఉంటుంది కనుక కూరలో చూసి వేయండి.

వండే వరుస

1. ఆవాలు పావుగంట నానబెట్టి, రెండు పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరండి. ఉప్పు, మిర్చి కలిపితే చేదు తగ్గుతుంది.

2. ఆవనూనెను సన్నగా పొగ వచ్చేదాకా కాచి మంట తగ్గించండి. పచ్చివాసన పోవాలి. వడియాలు ఎర్రగా వేయించి తీసి పక్కన పెట్టండి.

3. అదే నూనెలో ఎండుమిర్చి, పాంచ్ ఫోరన్ వేయండి. మాడితే మెంతులు చేదెక్కుతాయి. చిటపటలాడగానే బంగాళాదుంప, ముల్లంగి వేసి ఐదు నిమిషాలు వేయించండి.

4. గుమ్మడి, వంకాయ, కాడలు, పసుపు, ఉప్పు వేసి మూతపెట్టి సన్నమంట మీద ఎనిమిది నిమిషాలు ఉంచండి. నీళ్ళు పోయవద్దు. గుమ్మడి, వంకాయ వదిలే నీరే చాలు. నీళ్ళు పోస్తే పులుసుకీ కూరకీ మధ్య రకంగా తయారై, కాడల రుచి పలచబడిపోతుంది. అడుగంటుతుంటే మాత్రం చెయ్యి తడిపి చిలకరించండి.

5. ఆకులు వేయండి. గిన్నె నిండిపోయినట్టు కనిపించినా రెండు నిమిషాల్లో అణిగిపోతాయి. మరో ఐదు నిమిషాలు మగ్గనిచ్చి, కాడ గోటితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే ఉడికినట్టే.

6. ఆవముద్ద, చీల్చిన పచ్చిమిర్చి, చక్కెర కలిపి రెండు నిమిషాలకు దించేయండి. పనసపొట్టు కూరకు మనం ఆవ చివర్లో పెట్టేది ఎందుకో ఇక్కడా అందుకే. ఎక్కువసేపు ఉడికితే ఘాటు పోతుంది. వడియాలు చిదిమి పైన చల్లి, ఒక చెంచా పచ్చి ఆవనూనె వేసి మూతపెట్టండి.

పది నిమిషాలయ్యాక వేడి అన్నంలో కలుపుకోండి. బెంగాలీ భోజనంలో శాక్ మొదట్లోనే వస్తుంది. పప్పు, చేపలు ఆ తర్వాతే.