ఆభా తీసుకొనేవారు ఆరోగ్య వివరాలను కాపాడుకొనే విధానం

మదనపల్లె, పీలేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి తొలి బస్సుకే బయలుదేరి తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వచ్చే రోగుల చేతిలో పాత చీటీలు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు కుక్కిన సంచి ఒకటి ఉంటుంది. ఆ సంచి బరువును తగ్గించగలిగినది ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఇది భాగం. దీనిని తీసుకోవడం మేలేనని నా అభిప్రాయం, కానీ తెలిసి తీసుకోవాలి.

ఆసుపత్రి ఖర్చుకు ఏటా కుటుంబానికి ఐదు లక్షల రూపాయల వరకు భరోసా ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, ఆభా వేరు. ఆభా తీసుకోవడం ఐచ్ఛికం కాబట్టి, ఓపీ వరుసలో వెనుకవారు తొందరపెడుతున్నారని అక్కడికక్కడే తెరిపించుకోనక్కరలేదు. ఇంట్లో తీరికగా ఆధార్‌తో తెరవవచ్చు.

మన జిల్లాల్లో చిక్కంతా ఓటీపీ దగ్గరే వస్తుంది. పెద్దల ఆధార్‌కు బెంగళూరులో పనిచేసే కొడుకు నంబరో, ఎప్పుడో వాడడం మానేసిన నంబరో జతచేసి ఉంటుంది. అటువంటప్పుడు ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి, ఆ పెద్దల చేతిలో ఉండే నంబరునే నమోదు చేయించాలి. కౌంటరు దగ్గర సాయం చేస్తామన్న అపరిచితులకు ఓటీపీ చెప్పకూడదు.

అన్నింటికన్నా శ్రద్ధ పెట్టవలసినది సమ్మతి విషయంలో. మీ రికార్డులన్నీ ఒకే కేంద్ర భాండాగారంలో చేరవు. వాటిని తయారుచేసిన ఆసుపత్రి లేదా ల్యాబు దగ్గరే ఉంటాయి. మరొక వైద్యుడు వాటిని చూడాలంటే మీ ఫోన్‌లోని ఆభా యాప్‌కు అభ్యర్థన వస్తుంది. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ అనుమతి ఎప్పటికి ముగుస్తుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. మోకాలి నొప్పికి వెళ్లినప్పుడు పదేళ్ల కిందటి మానసిక చికిత్స లేదా గర్భస్రావం వివరాలు చూపవలసిన అవసరం ఉందా అని ఆలోచించి, అక్కరలేనివాటిని తొలగించి, గడువు తగ్గించి అంగీకరించండి. తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేయవచ్చు. అయితే వాడుతున్న మందులనూ పడని మందులనూ మాత్రం వైద్యుని దగ్గర దాచవద్దు.

ఆధార్ నకలు అడిగిన చోట, మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచి దించుకొని ఇవ్వండి.

వాట్సాప్‌లో రిపోర్టు పంపుతామంటే, వారు రాసుకొన్న నంబరును ఒకసారి పైకి చదివించండి. మా అమ్మ రక్తపరీక్ష ఫలితం ఒక అంకె తేడాతో ముక్కూముఖం తెలియని మనిషికి చేరిందని తెలిసిన రోజున ఆమె పడ్డ బాధను నేను మరచిపోలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ హక్కు రిపోర్టులు ఇచ్చే కిటికీ దగ్గర కూడా వర్తించాలని కోరుకొంటాను. బంధువుల గ్రూపులో రిపోర్టు పెట్టే ముందు రోగిని అడగండి, రోగి మీ కన్నతల్లి అయినా సరే.

ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకొంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.