చెన్నైలో పాటల రికార్డులు దాచుకునేవాళ్లకు: ముందు ప్లాస్టిక్ కవర్ చూడండి

చెన్నైలో ఉంటూ పంక్, మెటల్ లాంటి రాక్ సంగీతం రికార్డులు పోగేసే మనవాళ్లెవరైనా ఉంటే, అక్టోబర్ వానలు మొదలయ్యేలోపు అట్టల మీద వేసిన ప్లాస్టిక్ కవర్లు ఒకసారి తీసి చూడండి. మందంగా, మెత్తగా ఉండి కొత్త రెయిన్‌కోటు వాసన వేస్తే అవి పీవీసీవి. రికార్డు కూడా పీవీసీయే, కానీ కవర్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం మన ఎండలకు మెల్లగా బయటికొచ్చి రికార్డు మీద మసక మచ్చ వేస్తుంది. అది ఎంత కడిగినా పోదు, ప్లే చేస్తే బుస్సుమనే శబ్దం. పాలీప్రొపిలీన్ లేదా పాలిథిన్ కవర్లకు మార్చేయండి.

మార్చేటప్పుడే రికార్డును అట్టలోంచి తీసి, లోపలి కవర్‌తో సహా అట్ట వెనక, అదే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. మెటల్ ఎల్పీల్లో, అంటే పెద్ద రికార్డుల్లో, సగం సంబరం అట్ట మీది బొమ్మే కదా! లోపలి రికార్డు ఒత్తుకుని నల్లటి అట్ట మీద గుండ్రంగా తెల్లటి అరుగుదల పడితే ప్రాణం ఉసూరుమంటుంది. ప్లాస్టిక్ కవర్ నోరు మాత్రం అంటించొద్దు, తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది.

7 అంగుళాల పంక్ సింగిల్స్‌తో (ఒకటి రెండు పాటలుండే చిన్న రికార్డులు) ఇంకాస్త జాగ్రత్త. బ్యాండ్లు సొంత ఖర్చుతో విడుదల చేసుకున్నవాటిలో చాలావాటికి అట్టే ఉండదు, మడతపెట్టిన జిరాక్స్ కాగితమే. దాన్ని విడిగా వేరే కవర్‌లో పెట్టండి.

అన్నీ నిలువుగానే పేర్చండి. వాన తగిలే గోడకు మాత్రం బీరువా ఆనించొద్దు, జానెడు జాగా వదలండి.