పంటను కాచి, ఆపై మట్టిలో కలిసిపోయే నూలు వల తయారీ

పెరటి మళ్లపై కప్పే నైలాన్ వల పురుగును ఆపుతుంది గానీ, ఎండకు పెళుసుబారి పీలికలై మట్టిలోనే ఉండిపోతుంది. దానికి బదులు నూలు వల చేసుకోదలచినవారు ముందుగా గ్రహించవలసింది ఒకటుంది: నూలు మట్టిలో కలవడం సులభమే, పంట చేతికి వచ్చేవరకు నిలవడమే కష్టం. క్యాబేజీ నాటినది మొదలు కోత వరకు సుమారు మూడు నెలలు పడుతుంది కనుక, మన వల ఆయుష్షు కనీసం అంత ఉండాలి.

గుడ్డ కొనేటప్పుడు ఒక పోగు లాగి వెలిగించి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కొసన గట్టి నల్లని పూస కడుతుంది. ఎంచుకున్న గుడ్డను చాకలి సోడా వేసి ఉడికించి, ఆరిన తరువాతనే పోగులు లెక్కించాలి. ఎందుకంటే గంజి పోయి గుడ్డ ముడుచుకున్నప్పుడు కన్నాలు చిన్నవవుతాయి. ఆకులపై గుడ్లు పెట్టే రెక్కల పురుగులను (మాత్‌లను), పండు ఈగను, గుమ్మడి పెంకు పురుగును పలుచని గాజ్ గుడ్డ కూడా ఆపగలదు. తెల్లదోమకు మాత్రం నిలువునా అడ్డంగా అంగుళానికి 40 పోగులైనా ఉండాలి, అప్పుడు గాలి, వెలుతురు తగ్గుతాయి. క్యాబేజీకి ప్రధాన బెడద రెక్కల పురుగులదే, దానికి పలుచని గుడ్డ చాలు. అందువల్ల మొదటి ప్రయత్నానికి క్యాబేజీయే మేలని నా అభిప్రాయం.

వల ముందుగా కుళ్లేది తడి మట్టిని తాకే అంచుల దగ్గరే. నైలాన్ రాకముందు జాలరులు నూలు వలలను చెట్టు బెరడు కషాయంలో నానబెట్టేవారు. బెరడులోని వగరు కుళ్లును ఆలస్యం చేస్తుంది. మనకు ఆ పని కలంకారీ నేతగుడ్డకు పట్టించే కరక్కాయ చేస్తుంది. కిలో గుడ్డకు 200 గ్రాముల చొప్పున కరక్కాయ పొడిని నీటిలో కలిపి, జానెడు వెడల్పున అంచులను మాత్రమే రాత్రంతా నానబెట్టి, ఆరాక పటిక నీటిలో ముంచాలి. ఇనుప పాత్ర వాడితే గుడ్డ నల్లబడటమే కాక నూలు బలహీనపడుతుంది. వేపనూనె పూయడం వృథా, ఎండలో దాని గుణం కొద్ది రోజుల్లోనే పోతుంది.

కరక్కాయ పట్టించినవి, పట్టించనివి నాలుగేసి పీలికలు ఒకే వెడల్పున కత్తిరించి, తడి మట్టిలో కొన్ని అంగుళాల లోతున పాతిపెట్టండి. ప్రతి మూడు వారాలకు పట్టించినది ఒకటి, పట్టించనిది ఒకటి చొప్పున ఒక జత తీసి, కడిగి ఆరబెట్టి, ఒక్కొక్కదానికి బకెట్ వేలాడదీసి అది తెగేవరకు లీటరు చొప్పున నీరు పోస్తే ఎంత బలం మిగిలిందో తెలిసిపోతుంది. మీ మట్టిలో, మీ తేమలో వచ్చిన ఈ లెక్కే మీకు ప్రమాణం.

నారు నాటిన రోజునే వెదురు బద్దలను విల్లులా వంచి వల కప్పి, అంచులపై మట్టి ఎగదోయాలి. దోస, బీర వంటి తీగజాతులకు ఆడపూలు కనిపించగానే తేనెటీగల కోసం వల తీసివేయాలి. నిరుడు అదే పంట వేసిన మడిలో కప్పితే, నేలలో గూడు (కోశం) కట్టుకుని దాగిన పురుగులు లోపలే బయటపడతాయి.

కుట్టుకు కూడా నూలు దారమే వాడాలి. నా మొదటి వలను ముక్కలు చేసి ఎరువు గుంతలో వేసి, తరువాత తవ్విచూస్తే గుడ్డ జాడ లేదు, పాలిస్టర్ కుట్టుదారం మాత్రం చిక్కుపడి చేతికి వచ్చింది.